లేని మాను దగ్గర దిగమన్నాను

ఈ రోజు మా అక్క కంటి డాక్టరుకు చూపించుకోలేకపోయింది. తప్పు నాదే.

ఆపరేషన్ అయిన కన్ను రెండు రోజులుగా ఎర్రబడి నీరు కారుతోంది. డాక్టరు పన్నెండు దాకానే ఉంటారు. కే.జీ.కండిగై నుంచి ఒక్కతే బస్సులో వస్తోందని, "తిరుత్తణిలో చింతమాను కాడ దిగక్కా, ఆడే ఉంటా" అని ఫోనులో చెప్పాను. ఆ మానును పోయిన నెలే కొట్టేసి, స్టీలు కుర్చీలతో కొత్త బస్ షెల్టరు కట్టారు. రోజూ చూస్తున్నా నోటికి మాను పేరే వచ్చింది.

బస్సు నా ముందే ఆగింది. అక్క కిటికీలోంచి పైకే చూస్తూ కూర్చుంది. నేను చేయి ఊపేలోపు బస్సు కదిలిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, ఎండలో నడిచి వచ్చేసరికి పన్నెండు దాటింది.

"కండక్టరు చెప్పలేదాక్కా?"

"చింతమానునే అరవంలో పుళియమరం, పుళియమరం అని అరిచినాడు. చూస్తే మాను లేదు. కొత్తోడు, వీనికేం తెలుసులే అని కూసుంటి. మాను యాడరా?"

"కొట్టేసినారక్కా."

"అయితే కన్ను పోయింది నాకా, నీకా?"

స్టీలు కుర్చీ కాలుతోందని, తిరుగు బస్సు వచ్చేదాకా అక్క కరెంటు స్తంభం నీడలో నిలబడింది.

తర్వాత షెల్టరు బోర్డు చూశాను. దాని మీద కూడా తమిళంలో చింతమాను అనే రాసి ఉంది.

డాక్టరు మళ్లీ సోమవారం వస్తారు. ఈసారి అక్కను ఎక్కడ దిగమని చెప్పాలో మీరే చెప్పండి.