అప్పజెప్పి వెళ్ళిన మనిషి

అరబ్బు దేశంలో మేముండే ఖతీఫ్‌లో వేసవి ముదిరితే సముద్రపు తేమ ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఉతికిన బట్ట ఆరదు, డబ్బాలో ఉప్పు నీరవుతుంది. ఈ ఉదయం దుప్పట్లు తీద్దామని బీరువా తెరిస్తే తడి తోలు వాసన ముఖానికి కొట్టింది. అడుగున బకెట్ నిండా పాత బేస్‌బాల్ బంతులు. నా చేతి కుట్టు పడని బంతి వాటిలో లేదు. ఆ వాసనతో ఖలీల్ మేష్టారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు కోపమూ వస్తుంది. ఆయన మీద కాదు, నేను ముఖమైనా చూడని ఇంకొక మనిషి మీద.

మాది నరసాపురం వైపు. ఐదో తరగతితో నా చదువు ఆగింది, ఆ తరవాత లేసు అల్లకమే నా బడి. మా అమ్మాయి కృప ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు పోయాక దాని కొడుకు శామ్యూల్‌ని చూసుకోవడానికి వచ్చాను. వాణ్ణి శామీ అంటాం. ఖలీల్ మేష్టారు వాడి బడిలో ఆటలు నేర్పేవారు. అనంతపురం జిల్లా మనిషి, కాలేజీ రోజుల్లోనే ఈ ఆట ఆడారట. బడి వెనక గరుకు నేల మీద పిల్లల్ని పరుగెత్తించేవారు. శామీ బంతి విసిరేవాడు, అలా విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు.

ఒకరోజు వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళేసరికి మేష్టారు కుట్లు ఊడిన బంతుల్ని చెత్తడబ్బాలో వేస్తున్నారు. మంచి తోలు. నా ప్రాణం ఒప్పలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి అన్నీ కొంగులో వేసుకున్నాను. ఆయన నవ్వి, "ఏం చేసుకుంటావు అవ్వా వాటితో?" అన్నారు. మా వైపు ఆ పిలుపు లేదు. నాకింకా పళ్ళన్నీ ఉన్నాయి, అవ్వా గివ్వా అనొద్దని చెప్పాను. "మా పక్క పెద్దోళ్ళను అట్లే అంటాం, పళ్ళుండినా," అన్నారు. చివరిదాకా అలాగే పిలిచారు.

ఇంటికి తెచ్చి మైనం పూసిన దారంతో కుట్టి, మర్నాడు గర్వంగా పట్టుకెళ్ళాను. ఆయన బంతిని వేళ్ళ మధ్య తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశారు. "కుట్టు పైకి తేలింది. పిల్లోని వేలు జారుతాది. విప్పి కుట్టు." నా అల్లకానికి వంక పెట్టినవాళ్ళు అప్పటిదాకా లేరు. మండిపోయాను. విప్పాను. మూడోసారి కుట్టినప్పుడు ఏమీ అనకుండా బకెట్లో వేసుకున్నారు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే. పిల్లలతోనూ అలాగే ఉండేవారు. బాగా విసిరితే బంతి అందించేవారు, విసరకపోతే తప్పెక్కడో చెప్పేవారు. తిట్టడం నేను వినలేదు.

శామీ పన్నెండో తరగతికి వచ్చేసరికి అమెరికాలో ఒక కాలేజీ కోచ్ వాడి ఆట వీడియోలో చూసి ఫోన్ చేశాడు. అక్కడ ఆటగాళ్ళను కోచ్‌లే ఎంచుకుంటారట. ముందు నోటిమాట, సంతకాలు తరవాత. తన జట్టులో చోటు నీదే, ఫీజు చాలావరకు కాలేజీ చూసుకుంటుంది అన్నాడు. కృప జీతంతో వాణ్ణి పెద్ద చదువు చదివించడానికి మాకు కనిపించిన దారి అదొక్కటే. ఇక్కడ చర్చి ఉండదు కాబట్టి ఆదివారం ఇంట్లోనే తలుపులు వేసుకుని, నలుగురు నర్సమ్మల్ని పిలిచి కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నాం. మేష్టారు కూడా వచ్చి బిర్యానీ తిని వెళ్ళారు.

ఆ వారమే ఇంకో చిన్న కాలేజీ నుంచి కబురొచ్చింది, మా దగ్గరికి వస్తావా అని. ఒకరికి మాట ఇచ్చాక మరొకరితో బేరం నడపడం మా ఇళ్ళలో లేదు. సంబంధమైనా అంతే, పొలమైనా అంతే. మేష్టారిదీ అదే మాట. మేము కుదిరిపోయామని వాళ్ళకు మర్యాదగా రాయించాం. మాట ఇస్తే అవతలివాడూ దానికి కట్టుబడి ఉంటాడనుకున్నాం.

కొన్ని నెలలకు శామీ అన్నం ముందు కూర్చుని ఫోన్ చూస్తూ ఆగిపోయాడు. ఆ కోచ్ ఇంకా పెద్ద కాలేజీకి వెళ్ళిపోయాడట. ఆ సంగతి కాలేజీ వాళ్ళు ఊరందరికీ పెట్టిన ప్రకటనలో తెలిసింది. మా పిల్లవాడికి ఒక్క ముక్క రాయలేదు. వెళ్ళడం తప్పని నేనను. ఎవడి బతుకుతెరువు వాడిది. పదిహేడేళ్ళ పిల్లవాడు తన మాట నమ్ముకుని మిగతా తలుపులు వేసుకున్నాడని తెలిసి, ఫోన్ ఎత్తకుండా పోయాడే, అది నేను క్షమించలేదు. ప్రార్థనలో మోకరించి కూడా క్షమించలేకపోయాను. కొత్తగా వచ్చిన కోచ్ ఏమో, తన ఆటగాళ్ళను తనే చూసుకుంటానని పొడిగా రాశాడు. మా వాడికి చోటు ఉన్నట్టా, లేనట్టా? అదీ తేల్చలేదు.

నేను శామీని కూర్చోబెట్టి తెలుగులో చెబుతూ ఇంగ్లీషులో రాయమన్నాను. నా నోటికి వచ్చినదంతా చెప్పాను. వాడు సగం రాసి మేష్టారిని పిలిచాడు. ఆయన వచ్చి, చదివించుకుని, పంపొద్దన్నారు.

"మీ ఒంట్లో రక్తం లేదా మేష్టారూ?" అన్నాను.

"ఉండాది అవ్వా. నాకూ వాన్ని పట్టుకొని అడగాలనే ఉండాది. కానీ ఈ తిట్లు చదివేది వచ్చినోడు. మాటిచ్చి పోయినోడు కాదు."

ఆ మాట నిజమే. అలాగని కోపం తగ్గలేదు.

"వచ్చినోన్ని ఒకటే అడుగుదాం. చోటుందా, లేదా. బతిమాలద్దు, తిట్టద్దు. మనం వద్దన్న కాలేజీకీ జరిగింది జరిగినట్టు రాద్దాం. మోసపోయినాం అని చెప్పేదానికి మనకేం సిగ్గు?"

అలాగే రాశాడు శామీ. లేదు అని వచ్చింది మొదటి జవాబు. ముల్లు తీసినట్టు అయింది. రెండో కాలేజీ కోచ్, ఆ చోటు వేరే పిల్లవాడికి ఇచ్చేశాననీ, ఇంకొకటి తెరుచుకోవచ్చనీ, అయితే మాట ఇవ్వలేననీ, కొత్త వీడియోలు పంపమనీ రాశాడు. మాట ఇవ్వలేనన్నాడు కాబట్టే వాణ్ణి నమ్మాను. ఆ రోజు నుంచి సాయంత్రపు అసర్ నమాజు చేసుకుని మేష్టారు వచ్చేవారు. నేను బకెట్ పక్కన కూర్చుని బంతులు అందించేదాన్ని. శామీ మొదట్లో పళ్ళు బిగించి విసిరేవాడు. మేష్టారు వాడి చేతిలోంచి బంతి లాక్కునేవారు. "నువ్వు ఆ పోయినోని మీదికి విసుర్తాండావు. వాడు ఈడ లేడు. ఈ గ్లవ్‌లోకి విసురు."

జవాబు రాకముందే ఇంకో దెబ్బ పడింది. బడి యాజమాన్యం మారింది. మేష్టారి కాంట్రాక్టు పొడిగించలేదు, ఖురూజ్ వేసి, అంటే ఇక తిరిగి రాకుండా వీసా కొట్టి, పంపేస్తున్నారు. ఎందుకో చెప్పలేదు. ఈ ఎడారిలో ఇన్నేళ్ళు పిల్లల వెనక పరుగెత్తిన మనిషిని వాడేసిన సబ్బుముక్కలా తీసేశారు. ఇక బడి మొహం చూడకండి, పెట్టె సర్దుకోండి అని నేనే చెప్పాను. ఆయన వినలేదు. ఆయన స్థానంలో వచ్చిన మలయాళీ కుర్రాణ్ణి తనే ఆటస్థలానికి తీసుకొచ్చారు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఈ పిల్లకు మోకాలు నొప్పి, వీడు అరిస్తే ముడుచుకుంటాడు, వీడికి ఇంటి దగ్గర తిండి సరిగా లేదు అని ఆ పిల్లల ముందే హిందీలో మెల్లగా చెప్పారు. శామీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. చివరికి నా దగ్గరికి తెచ్చారు. ఈమె బంతులు కుడుతుంది, కుట్టు బాగాలేకపోతే మొహమాటం లేకుండా చెప్పు, కోప్పడి మళ్ళీ కుడుతుంది అన్నారు.

"మిమ్మల్ని తరిమేసినవాళ్ళ కోసం ఇదంతా ఎందుకు మేష్టారూ?" అని తెలుగులో అడిగాను.

"వాళ్ళ కోసం ఎవరు చేస్తాండారు?" అన్నారు.

ఆయన వెళ్ళాక వచ్చింది రెండో కాలేజీ జవాబు. చోటు తెరుచుకుంది. కృప నర్సమ్మల్ని పిలుస్తానంటే సంతకాల కాగితం వచ్చేదాకా వద్దన్నాను. కాగితం వచ్చింది. అదే గంటలో అనంతపురానికి ఫోన్ చేశాను. ఆయన విని, "కొత్త మాస్టరుకు చెప్పినారా?" అన్నారు. లేదన్నాను, ముందు మీకే చెబుతున్నామన్నాను. "ఆ పిల్లోడూ చేసినాడు కదా అవ్వా. ఫోన్ పెట్టి, పోయి చెప్పు." చెప్పాం. ఆ కుర్రాడు శామీని కౌగలించుకుని ఏడ్చాడు.

వచ్చే నెల శామీ వెళతాడు. వాడు వెళ్ళాక నాకిక్కడ పని లేదు, నేనూ ఊరికి బయలుదేరతాను. ఆ మొదటి కోచ్ మీద కోపం నాతో ఊరికి వస్తుంది, దాన్ని వదిలించుకోవాలని నాకు లేదు. కానీ ఆ కోచ్ వెళ్ళినట్టు మాత్రం నేను వెళ్ళను. పై అంతస్తులో ఉండే హైదరాబాదు నస్రీన్ కూతురు ఈ ఏడే ఆటలో చేరింది. మధ్యాహ్నం నస్రీన్‌ని పిలిచి బకెట్, సూది, మైనం ముందు పెట్టాను. "నాతోని కాదమ్మా, బట్టలే కుట్టరాదు," అంటూనే కూర్చుంది. సాయంత్రానికి ఒక బంతి పూర్తిచేసి, మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూసింది. నేను బంతిని వేళ్ళ మధ్య తిప్పి చూశాను. కుట్టు పైకి తేలింది. విప్పమన్నాను.