ఫ్యాన్ ఆపి కొలిచిన వెలుగు

మంగళవారం పొద్దున రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. డిగ్రీలో నాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు పోయారు.

రేపల్లె నుంచి తెనాలి, తెనాలి నుంచి బాపట్ల. రోజూ రెండు రైళ్ళెక్కి కాలేజీకి వెళ్ళేవారు. నేను తెనాలిలో విలేకరినయ్యాక ప్లాట్‌ఫారం మీద తరచూ కలిసేవారు. చొక్కా జేబులో పెన్ను పక్కన చిన్న దిక్సూచి ఉండేది.

ఆయన పని ఫోటోనిక్ క్రిస్టల్ ఫైబర్ మీద. అది వెంట్రుకంత సన్నని గాజుతీగ. పొడవునా ఇంకా సన్నని గాలి రంధ్రాలుంటాయి. అందులో పోయే కాంతి కంపనాలకు ఒక దిశ ఉంటుంది. కరెంటు పోయే తీగ చుట్టూ పుట్టే అయస్కాంత ప్రభావానికి ఆ దిశ కాస్త తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలిస్తే, కరెంటు తీగను తాకకుండానే అందులో ఎంత కరెంటు పోతోందో చెప్పవచ్చు.

రిటైరవడానికి ఏడాది ముందు ఫలితం వచ్చింది. ఫైబర్ చుట్టూ ఉన్న రాగి చుట్టలోకి కరెంటు వదలగానే కాంతి తిరుగుతోంది, అనుకున్నదానికన్నా ఎక్కువే. ఆయన డాక్టరేట్ థీసిస్‌కు అదొక్కటే తక్కువ. నేను వెళ్ళి చూసి వార్త పంపాను. మర్నాడు సాయంత్రం ఫోన్ చేశారు.

"అబ్బాయ్, ఆ వార్త ఆపు."

"ఏంటి మాస్టారూ, పేజీలో పెట్టేశారండి."

"తీయించు. తిప్పింది అయస్కాంతం కాదయ్యా, ఫ్యాను!"

చుట్ట వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టారు. రెండిటికీ ఒకటే స్విచ్. ఆ గాలికి ఫైబర్ ఊగి, వంగి, కాంతి దిశ మారుతోంది. ఆ రోజు చుట్ట వైరు ఊడిపోయినా మీటరు అదే అంకె చూపించింది. కనిపెట్టింది ల్యాబ్ అటెండరు.

"ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాను. ఆ మాట నాదే, దాచను.

"అటెండరుకి తెలిసింది. నాకు తెలిసింది. ఇప్పుడు నీకూ తెలిసింది. ఇంకెంతమంది కావాలి?"

ఆ జాగాలో జంపని రోడ్డు గుంతల వార్త వేశాం.

ఫ్యాన్ లేకుండా, చెమటలు తుడుచుకుంటూ ఏడాదంతా మళ్ళీ కొలిచారు. కాంతి తిరిగింది, కానీ మొదటి అంకెలో పదో వంతు కూడా లేదు. థీసిస్ గడువు దాటిపోయింది. డాక్టరేట్ లేకుండానే రిటైరయ్యారు. చివరి రోజు తెనాలి ప్లాట్‌ఫారం మీద నోటుపుస్తకం తెరిచి ఆ అంకె చూపించారు. "ఇది మాత్రం ఫ్యానుది కాదు" అన్నారు.

ఎవరైనా పెద్ద వార్త మోసుకొస్తే, ముందు ఫ్యాన్ ఆపి చూడమంటాను. మా ఆఫీసులో కొత్తవాళ్ళకు అర్థం కాదు.

రేపల్లెలో ఆయన్ను వరండాలో పడుకోబెట్టారు. ఎండ మండుతోంది. ఎవరో టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టారు. తలదగ్గర దీపం రెపరెపలాడుతోంది. బాపట్ల నుంచి వచ్చిన అటెండరు కాసేపు దాన్నే చూశాడు. లేచి వెళ్ళి ఫ్యాన్ ఆపాడు.

దీపం నిటారుగా నిలబడింది. మళ్ళీ ఎవరూ ఆ స్విచ్ వేయలేదు.