నేను చదివి వినిపించిన యుద్ధం

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని నమ్మిన మనిషి పోయిన నెల కన్నుమూసింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నన్ను నేనే అడుగుతున్నాను. లాభం లేదు. అయినా చెప్పకుండా ఉండలేను. మీరు నా ముఖం ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పాన్‌గల్ నుంచి కోడేరు పోయే దారిలో, వాగుకు ఇవతల ఒక ఊరు. అవతలి ఊరు మా వదినకు పుట్టిల్లు. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. నన్ను పెంచింది వదినే. నన్ను వనపర్తి బడికి పంపమని అన్నతో పోట్లాడింది కూడా ఆమే.

పద్నాలుగేళ్ల కిందటి ఎండాకాలం మా ఊళ్లో గత్తర లేచింది. వాంతులు, విరేచనాలు, పొద్దు తిరిగేసరికి పాడె. పటేలు తన అటక మీది తాటాకుల కట్ట దింపించాడు. పూర్వం గత్తరను ఎట్లా తరిమారో అందులో ఉంటుందని, చదవమని నా ముందు పెట్టాడు. ఊరంతా చావడి దగ్గర చేరింది.

బడిలో నేను చదివింది ఉర్దూ. తెలుగు ఇంట్లో అచ్చు పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. ఆ ఆకుల మీది గొలుసుకట్టు రాతలో ఒక్క ముక్క కూడా నాకు అంతుపట్టలేదు.

"ఏందయ్యా, నీళ్లు నములుతున్నవ్? ఇన్నేండ్లు వనపర్తిల సదివింది గిదేనా? గంతకంటె మా బర్లు గాసినా బాగుండు" అన్నాడు పటేలు. అందరూ నవ్వారు. అన్ని చావుల మధ్య కూడా నవ్వారు.

రాదు అంటే సరిపోయేది. అనలేదు. చదవడం మొదలుపెట్టాను.

పూర్వం మన పెద్దలకూ వాగు అవతలి వాళ్లకూ యుద్ధం జరిగిందన్నాను. మనవాళ్లు కత్తి పట్టలేదన్నాను. దున్నపోతును బలిచ్చి, ఆ నెత్తురు కలిపిన పొలి అన్నాన్ని కుండకెత్తి, గత్తర తల్లిని అందులోకి పిలిచి, వాగు దాటించి శత్రువు పొలిమేరలో దించారన్నాను. మూడోనాటికి వాళ్ల దండు నేలకూలిందన్నాను. నవ్వు ఆగిపోయింది. జనం ఊపిరి బిగబట్టి వినడం నాకు రుచించింది. అందుకే ఇంకొకటి కలిపాను. ఆ కుండను శత్రువు ఊళ్లో పుట్టిన ఆడబిడ్డే మోయాలి, తమ ఊరి బిడ్డను అక్కడి దేవతలు అడ్డుకోరు కనుక.

అందరి తలలూ మా వదిన వైపు తిరిగాయి.

అప్పుడైనా తప్పు చదివాను అనవచ్చు. ఎందుకు అనలేదు? నాకు ఆ తంతు మీద నమ్మకం లేదు. కుండ దించి వస్తుంది, ఏమవుతుంది అనుకున్నాను. నేను నమ్మనిది ఆమెకు తగలగలదని, ఇన్ని పుస్తకాలు చదివిన నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున ఆమె తలస్నానం చేసి కుండ ఎత్తుకుంది. "మా అయ్య నన్ను గీ ఊరికిచ్చె, గీ ఊరోళ్లు నన్ను గత్తరకిచ్చిండ్రు" అని, ఎవరివైపూ చూడకుండా నవ్వింది. వాగు దాటింది. దించి వచ్చింది.

పది రోజులకు గత్తర అవతలి ఊరికి పాకింది. ఎలాగూ పాకేదే. ఆ వాగు చెలమల నీళ్లే రెండు ఊళ్లూ తాగేవి. వదిన తల్లి పోయింది. వదిన తమ్ముడు వాగు దాకా వచ్చి, దాటకుండా అవతలి గట్టు నుంచే అరిచాడు. "అమ్మను మింగితివి గదక్కా! ఇగ నీకు పుట్టిల్లు లేదు, రాకు."

ఆ తర్వాత ఆమె పసిపిల్లలను ఎత్తుకోవడం మానేసింది. బాలింత ఉన్న ఇంటి గడప తొక్కేది కాదు. నన్ను పెంచిన చేతులవి.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం జొన్నలు చెరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"మరిదీ, ఆ ఆకులల్ల నిజంగ గట్లనే ఉండెనా? ఆడబిడ్డే మొయ్యాల్నని?"

"ఉండె వదినా."

"నా మీద ఒట్టు?"

"ఒట్టు."

"గట్లయితే సరే. రాసున్నదంటె నేను జేసింది గాదు" అంది. చెరగడం ఆపలేదు.

ఆ మాటను పట్టుకుని ఇన్నేళ్లు బతికాను. నా అబద్ధం ఆమెకు ఓదార్పు అయిందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం తెలిస్తే, తల్లినీ పుట్టింటినీ ఉత్తపుణ్యానికి పోగొట్టుకున్నానని ఇంకా కుమిలిపోయేది కాదా? ఏమో. కానీ నిజం చెబితే తిట్టడానికి ఆమెకు ఒక మనిషి దొరికేవాడు. నేను దొరకలేదు. తనను తానే తిట్టుకుంది. ఓదార్పు దొరికిన మనిషి పసిబిడ్డను చూసి పక్కకు జరుగుతుందా?

పోయిన నెల జ్వరంతో పోయింది. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. ఆ తర్వాతే ఎత్తుతారు. కబురు పంపాం. అన్న పొద్దు వాలేదాకా వాగు దారి చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. "ఇగ లేపుండ్రి" అన్నాడు చివరికి. నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. ఎదురెదురుగా కూర్చుని తింటాం. ఆయన ఆ రాని చీర గురించే ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. ఆయనకు చెప్పాలి. తర్వాత వాగు దాటి ఆమె తమ్ముడికి చెప్పాలి. వాళ్లు క్షమిస్తారనుకోను. అడగను కూడా. క్షమించగలిగిన మనిషి లేదు.

నాకు ఆ రాత చదవడం రాలేదు. ఆ యుద్ధం నేను కల్పించాను.

ఈ మాట ఇంతవరకు నా నోట నేను విననే లేదు. రాసి, మెల్లగా పైకి చదువుకున్నాను. అరుగు మీద అన్న దగ్గు వినిపిస్తోంది. లేస్తున్నాను.