అక్కకి ముందు వరుస సీటు

స్పిన్నింగ్ మిల్లులో ఆమెను అందరూ నూలు మేడమ్ అనేవారు. దారప్పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి, అది ఎంత సన్నమో, ఎన్నో నంబరు నూలో చెప్పేసేది. కొత్తవాళ్ళు నమ్మక యంత్రం మీద పరీక్షించి చూసి నాలిక్కరుచుకునేవాళ్ళు. ఆ వేళ్ళ పుణ్యమా అని కంపెనీ ఆమెను ఇరవై ఆరేళ్ళపాటు ఊరూరి మిల్లులకూ విమానంలో తిప్పింది. ఎప్పుడూ వెనక వరుసలే. ఒళ్ళో నమూనాల సంచి, మోకాళ్ళకు తగులుతూ ముందు సీటు. అలా తిరిగినందుకు, టిక్కెట్లకో మంచి సీట్లకో మార్చుకొమ్మని విమానాల కంపెనీ ఆమె పేర జమకట్టిన మైళ్ళలో ఒక్కటీ ఆమె వాడలేదు. "మా అక్కను ఎక్కించినప్పుడు వాడతాను" అనేది.

ఆ అక్కకు ఇప్పుడు డెబ్బై నాలుగు. తండ్రి పోయాక బట్టలు కుట్టి ఇల్లు ఈడ్చుకొచ్చిన మనిషి, చెల్లెల్ని చదివించిన మనిషి. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే "కుట్టాల్సిన బట్టలున్నాయి, ఆ పెళ్ళికొడుకును కాస్త ఆగమనండి" అనేదట. యాభై ఏళ్ళు మిషను తొక్కిన మోకాళ్ళు ఇప్పుడు మడత పడమంటే మొరాయిస్తున్నాయి. అలాంటి మనిషికి ఈమధ్య ఒక కోరిక పుట్టింది. చిన్నప్పుడు తామిద్దరూ అద్దెకున్న గది ఇంకా ఉందో లేదో చూడాలట.

చెల్లెలు రెండు టిక్కెట్లు కొంది. దాచిన మైళ్ళిచ్చి, విమానం ముందు భాగంలో ఉండే పెద్ద సీట్లు అడిగింది. అవి వెంటనే దొరకలేదు. వెయిటింగ్ లిస్టులో నాలుగు, ఐదు నంబర్లు ఇచ్చారు. ఇక రోజూ పొద్దున్నే అక్కది ఒకటే ప్రశ్న.

"ఎంతదాకా వచ్చిందే బుజ్జీ?"

"నాలుగు దగ్గరే ఉందక్కా."

"నిన్నా నాలుగే అన్నావు. ముందున్న ముగ్గురూ చాప వేసుక్కూర్చున్నారేమో!"

ప్రయాణం మూడు రోజులుందనగా, పాత కోటుకు గుండీ కుడుతూ అక్క ఉన్నట్టుండి నవ్వింది. "వెయిటింగ్ లిస్టు నాకు కొత్తేం కాదులే. నర్సింగ్ స్కూల్లో నా నంబరు రెండు. ఒకటో నంబరు పిల్లను పిలిచారు. నా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది."

"నువ్వు నర్సింగ్‌కి పెట్టావా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నీకప్పుడు ఎనిమిదేళ్ళు. చెబితే ఏం చేసేదానివి? ఉత్తరం కోసం రోజూ గేటు దగ్గర నిలబడేదాన్ని. పాపం, ఆ పోస్టుమానే ఓ రోజు, 'లోపలికెళ్ళమ్మా, ఎండగా ఉంది, వస్తే నేనే తెచ్చిస్తాగా' అన్నాడు. ఆ తర్వాత ఇక నిలబడలేదు."

చెల్లెలికి ఆ గేటు బాగా గుర్తుంది. బడి నుంచి వచ్చేసరికి అక్క అక్కడే ఉండేది. తన కోసమే అనుకుని పరుగెత్తుకెళ్ళి నడుము చుట్టేసేది. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది.

లేచి వెనక గదిలోకి వెళ్ళి విమానాల ఆఫీసుకు ఫోన్ చేసింది.

"డబ్బు కట్టి తీసుకునే సీట్లు రెండున్నాయి మేడమ్. మైళ్ళకిచ్చే సీట్లు వేరు" అంది అవతలి అమ్మాయి. "కాకపోతే ముందు మీ వెయిటింగ్ రద్దు చెయ్యాలి. మైళ్ళు మీ ఖాతాలోకి తిరిగొచ్చేస్తాయి. మళ్ళీ లిస్టులోకి రావాలంటే మాత్రం చివర్నించే."

"మా నంబరు కదులుతుందంటావా అమ్మా?"

"చెప్పలేనండీ. కదలొచ్చు, కదలకపోనూ వచ్చు."

ధర విని నూలు మేడమ్ మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. ఒక స్టాపు ముందే బస్సు దిగితే టిక్కెట్టు తగ్గుతుందని నడిచే మనిషి ఆమె. పైగా ఆ మైళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించినవి. వాటితోనే అక్కను కూర్చోబెట్టాలని ఎన్నాళ్ళ పంతం! తలుపు వైపు తిరిగి, ముందు గదిలో గుండీ కుడుతున్న అక్కను చూసింది.

"రద్దు చేసెయ్యమ్మా. ఆ రెండూ కొంటాను."

అక్కతో మాత్రం నంబరొచ్చిందని చెప్పింది.

విమానంలో అక్క కాళ్ళు బారజాపుకుని, సీటు అంచును వేలితో తడిమింది. "ఖరీదైన సీటే గానీ కుట్టు వంకర. నేనైతే మొత్తం విప్పించేదాన్ని." అంతలో వెనక్కి వెళుతున్న ఒక పెద్దమనిషి విమానం అమ్మాయితో సణుగుతున్నాడు. "ఒకటో నంబరు నాదేనమ్మా, అయినా రాలేదు!"

"ఈరోజు లిస్టులో ఎవరికీ రాలేదండీ" అంది ఆ అమ్మాయి.

అక్క మెల్లగా చెల్లెలి వైపు తిరిగింది. "మరి మనకెలా వచ్చిందే?"

"కొన్నానక్కా."

"ఎంతకి?"

"చెప్పను."

"మతి గానీ పోయిందా నీకు!" అని అక్క మొహం అటు తిప్పేసుకుంది. విమానం మబ్బులు దాటాక నెమ్మదిగా, "ఆ మైళ్ళేమయ్యాయి మరి?" అంది.

"తిరిగొచ్చేశాయి."

"అలాగే ఉంచు. ఇంకో చోటికి పోదాం."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే చెల్లెలు, "నీ మిషను చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు, తెలుసా?" అంది.

"తెలియకేం? కుట్టడానికి బట్టల్లేని రోజుల్లో దారం తీసేసి ఊరికే తొక్కేదాన్ని."

చెల్లెలు అక్క చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

విమానం దిగాక అక్క చక్రాల కుర్చీ వద్దని నడిచే వచ్చింది. మర్నాడు వెళ్ళి చూస్తే గది అలాగే ఉంది. కింది చెప్పుల కొట్టువాళ్ళు అందులో అట్టపెట్టెలు నింపుకున్నారు. కొట్టాయన తాళం తీసిచ్చాడు. అక్క గోడ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకెక్కింది. ఎక్కగానే ఇద్దరికీ పేచీ వచ్చింది. మిషను కిటికీ కింద ఉండేదని అక్క, కాదు తలుపు పక్కనని చెల్లెలు. ఎంతకీ తెమలకపోయేసరికి కొట్టాయన రెండు స్టూళ్ళు పైకి తెచ్చి పెట్టి, "కూర్చుని దెబ్బలాడుకోండమ్మా" అని కిందికి వెళ్ళిపోయాడు.