మూడోది తప్పు చెప్పు

ఉమ్‌సునాయ్‌కి తోడేలంటే భయం లేదు. మంచు మోకాళ్లదాకా పడిన ఏడాది దొడ్డి దగ్గరకొచ్చిన తోడేలును పార పట్టుకుని తరిమిన మనిషి. మొగుడు పోయాక పదకొండేళ్లుగా ఉన్ని తడిపి, తొక్కి, తివాచీలు కుట్టి బతుకుతోంది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఆమె నోటికి జడిసి నారిన్ లోయలో సగంమంది ఆ వాకిలి ముందు గొంతు తగ్గించుకుని నడిచేవారు. అలాంటి మనిషిని వణికించేది ఒక్కటే. మనవరాలు బేగిమాయ్‌ని ఎవరన్నా మెచ్చుకోవడం.

తొలిచూలు బిడ్డ నాయనమ్మ సొత్తు. కొడుకు తాలాయ్, కోడలు బిష్కెక్ పట్నం నుంచి నలభై రోజుల పసిగుడ్డును తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి వెళ్లారు. అందుకే బేగిమాయ్ నాయనమ్మను అమ్మా అంటుంది, కన్నతండ్రిని అన్నయ్యా అంటుంది. ఆ ఊళ్లో దాన్ని వింతగా చూసేవాడు లేడు.

నాలుగేళ్లప్పుడు ఆ పిల్ల దొడ్డి తలుపు దగ్గర నిలబడి, లోపలికొస్తున్న గొర్రెలను చూసి, "నలభై మూడు. ఒకటి తక్కువ" అంది. నిజమే, కుంటి గొర్రె వాగు దగ్గరే ఉండిపోయింది. ఉమ్‌సునాయ్ పిల్ల నోటిమీద ఒక్కటి వేసింది.

"జీవాలను లెక్కపెట్టకూడదే, పిచ్చిదానా. ఎవరు రాలేదో చూసుకోవాలి. ఎన్ని ఉన్నాయో నోటితో అనకూడదు."

కొట్టిన చేతిని కొంగులో దాచుకుని తర్వాత తనే ఏడ్చింది.

ఇప్పుడు బేగిమాయ్‌కి ఏడేళ్లు, ఒకటో తరగతి. పోయిన వారం లెక్కల టీచరు మీరిమ్ ఇంటికొచ్చింది.

"పెద్దమ్మా, మీ పాప..."

"పాపా లేదు, గీపా లేదు. ఎలకపిల్ల. ముందు టీ తాగు."

"ఆ ఎలకపిల్లే మూడో తరగతి లెక్కలు నోటితో చేసేస్తోంది, పెద్దమ్మా. తోటివాళ్లు వేళ్లు మడుస్తుంటే తను కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చుంటోంది. లెక్కల గంటకు మూడో తరగతిలో కూర్చోబెడదాం. జిల్లా నుంచి ముగ్గురొచ్చి పరీక్ష పెడతారు."

"కాకుల్ని చూడనీ. కాకులు ఎవరికీ చేటు చెయ్యవు."

టీచరు ఊరుకోలేదు, తాలాయ్‌కి ఫోన్ చేసింది. ఆ రోజే తాలాయ్ తల్లికి చేశాడు. "అమ్మా, పిల్లకు ఆ తెలివే ఉంటే అక్కడ పాడుచెయ్యకు. ఊళ్లో కుదరదంటే పట్నం తీసుకొచ్చి లెక్కల బడిలో వేస్తాను. పరీక్షలో తేలకపోతే ఇక నేనేమీ అనను, నీ దగ్గరే ఉంటుంది."

పంపకపోతే పిల్ల పట్నం పోతుంది. పంపితే ముగ్గురు కొత్తవాళ్ల కళ్లు పడతాయి. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందంటారు. ఉమ్‌సునాయ్‌కి అది సామెత కాదు, ఇంట్లో జరిగిన సంగతి. తాలాయ్ కంటే ముందు ఆమెకు కుబాన్ అని ఒక కొడుకు. ఆ లోయలో పిల్లలంతా నేర్చే ఏడు తరాల తాతముత్తాతల పేర్లేమిటి, అయిదేళ్లకే పదిహేడు తరాలు చెప్పేవాడు. ఒక పెళ్లి విందులో ఎవరో ఊరుగాని ఊరివాడు వాడి తలమీద చెయ్యిపెట్టి, "ఇంత తెలివైన పిల్లాణ్ణి నేనెక్కడా చూళ్లేదు" అన్నాడు. అని, దిష్టి పోయేలా థూ అని ఉమ్మలేదు. ఆదివారం జ్వరం. గురువారం మట్టి. మెదడువాపని డాక్టరు చెప్పాడు. ఆమె ఆ మాటా విన్నది, తెలివితక్కువది కాదు. కానీ ముప్పై ఏళ్లుగా చెవిలో మోగుతున్నది డాక్టరు మాట కాదు.

పరీక్ష రోజు, సోమవారం. దిష్టి తగలకుండా పొద్దున్నే పిల్ల చెవి వెనక మసి రాసింది, టోపీ లోపల గుడ్లగూబ ఈక కుట్టింది. దారిలో వంగి చెవిలో చెప్పింది.

"వాళ్లడిగే వాటిల్లో ప్రతి మూడోది తప్పు చెప్పు."

"ఎందుకమ్మా?"

"చెప్పింది చెయ్యి."

"ఎంత తప్పు చెప్పాలి?"

"కొంచెం."

"కొంచెమంటే ఎంత?"

"ఏడు. నా ప్రాణం తియ్యకు."

"ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువే చెప్పు, తల్లీ."

బడి వసారాలో బల్లమీద కూర్చుని, తెరిచిన తలుపులోంచి వింటూ ఉంది. జిల్లా నుంచి వచ్చిన ముగ్గురిలో ప్రశ్నలడుగుతున్నది సాగింబెక్ అనే ముసలి మాస్టారు.

"ఎనిమిది తొమ్మిదులు?"

"డెబ్భై రెండు."

"యాభై ఆరులో పంతొమ్మిది పోతే?"

"ముప్పై ఏడు."

"పన్నెండు నాలుగులు?"

"యాభై అయిదు."

పక్కనున్న పడుచు అధికారిణి నిట్టూర్చి కాగితం మీద ఏదో రాసింది. ఉమ్‌సునాయ్‌కి ఊపిరి తిరిగింది. ఆరోది తప్పు, తొమ్మిదోది తప్పు. ఇంకేం, గండం గడిచింది, పిల్ల తనదే అనుకుంది.

పద్నాలుగోది అయ్యాక మాస్టారు కలం కింద పెట్టాడు.

"నూరులో నూరు పోతే?"

బేగిమాయ్ తలుపు వైపు చూసింది.

"ఏడు."

మాస్టారు మెల్లగా నవ్వాడు. "ప్రతి మూడోదీ తప్పే. ప్రతి తప్పూ ఏడే. సరైన లెక్క తెలియకుండా ఇంత కొలత పెట్టి ఎవరూ తప్పు చెప్పలేరు. ఎవరు చెప్పమన్నారమ్మా?"

పిల్ల మళ్లీ తలుపు వైపే చూసింది. ఉమ్‌సునాయ్ లేచి గడప దగ్గర నిలబడింది.

"నేనే. శిక్ష వేసేదుంటే నాకు వెయ్యండి. దాన్ని మాత్రం ఒక్క మంచి మాట కూడా అనొద్దు. ఒకణ్ణి అలాగే మట్టిలో పెట్టుకున్నాను."

మాస్టారు ఆమె మొహం చూశాడు, తర్వాత పిల్ల చెవి వెనక మసి చూశాడు. ఆయనా ఆ లోయలో పుట్టినవాడే, తాలాయ్ సంగతి టీచరు నోట విన్నవాడే. పక్కకు తిరిగి మూడుసార్లు థూ అన్నాడు. "ఎంత వికారమైన పిల్లో. పులిసిన మజ్జిగ మొహం. దీన్నెవరు తీసుకెళ్తారు, ఇక్కడే పడి ఉండనీండి. లెక్కల గంటకు మాత్రం మూడో తరగతిలో కూర్చుంటుంది. తాలాయ్‌తో నేను మాట్లాడతాను."

"గోడమీద ఫోటో పెట్టకూడదు. అందరి ముందూ పేరు పిలవకూడదు. చప్పట్లు కొట్టకూడదు" అంది ఉమ్‌సునాయ్.

"పెట్టం, పిలవం, కొట్టం."

ఆమె ఇంకా తల ఊపుతుండగానే పడుచు అధికారిణి పట్టలేక పిల్ల బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీరేమన్నా అనండి మాస్టారూ, ఇంత తెలివైన పిల్లని నేనెక్కడా చూళ్లేదు" అంది. పట్నం పిల్ల. ఉమ్మలేదు.

ఉమ్‌సునాయ్ చెవుల్లో ముప్పై ఏళ్లనాటి విందు హోరెత్తింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటిదాకా ఆగకుండా నడిచింది. దిష్టి తీసే అర్చా చెట్టు కొమ్మలు కాల్చి తలచుట్టూ పొగ తిప్పింది. మంగళవారం నుంచి తివాచీ మూట పట్టుకుని మూడో తరగతి గుమ్మం బయట కూర్చుంది. గంట కొట్టినప్పుడల్లా పిల్ల నుదురు ముట్టుకుని చూసేది. అది చూసి టీచర్లు నవ్వారు. ఆమె కుట్టుసూది వాళ్ల వైపు తిప్పి చూపిస్తే మానేశారు.

కుబాన్‌ను మట్టిలో పెట్టిన గురువారం మళ్లీ వచ్చింది, ఆమెకు మెతుకు దిగలేదు. బడి వదిలాక వాగు దాకా వచ్చి మళ్లీ ఆగి, పిల్ల టోపీ పైకెత్తి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

"చల్లగానే ఉందమ్మా. పొద్దున్నుంచి పదహారుసార్లు చూశావు."

నోరు మూయించడానికి ఆమె చెయ్యి అలవాటుగా లేచింది. మధ్యలోనే ఆగి, మళ్లీ పిల్ల నుదుటి మీదికే వెళ్లింది.

"పదిహేడు" అంది బేగిమాయ్.