మామ్మగారి ఆటకాయలు

దొంగతనంలో నాకు గురువంటూ ఎవరూ లేరు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి గురువెందుకు, తీరికే అన్నీ నేర్పుతుంది. డెబ్బైల నాటి మాట. అమలాపురం నుంచి సైకిలు మీద వెళ్లగలిగినంత దూరంలో మా ఊరు. పరీక్ష తప్పినవాళ్లు, అసలు పరీక్షదాకా వెళ్లనివాళ్లు కలిపి ఆరుగురం. ఊరు భోంచేసి కునుకు తీసే వేళ ఏదో ఒక కొబ్బరితోటలో దూరి, రెండు గెలలు దించి, అంబాజీపేటలో కొబ్బరి కొట్టుకి వేసి, ఆ డబ్బుతో సినిమాకి పోయేవాళ్లం. మా నాన్న మిషను బడిలో మేష్టారు. ఆయన క్లాసులో నీతిపాఠం చెప్పే సమయానికి నేను ఏదో ఒక చెట్టు మీద ఉండేవాణ్ణి.

ఓ మధ్యాహ్నం మామ్మగారి తోటలో దొరికిపోయాం. ఊళ్లో అందరికీ ఆవిడ మామ్మగారే. భర్త పోయాక అరవై చెట్ల తోటని ఒంటిచేత్తో చూసుకుంటున్న మనిషి. గొంతు మెత్తన, మాట మొండి. మేం చెట్టు మీదుండగా కింద పీట వేసుకుని కూర్చుని, దూది వత్తులు చేసుకుంటూ మేం దిగేదాకా ఆగారు. అరవలేదు, కర్ర పట్టలేదు. నెమ్మదిగా దిగండి, కాలు జారుతుంది అని జాగ్రత్త కూడా చెప్పారు. ఆ మర్యాదకే మేం పారిపోవడం మరిచిపోయాం.

కబురందుకుని హెడ్డు కానిస్టేబులు వచ్చారు. ఆ రోజుల్లో స్టేషన్లో ఒకసారి పేరెక్కిందంటే చుట్టుపక్కల ఎక్కడ కోడి పోయినా ముందు నిన్నే పిలుస్తారు. ఇక సర్కారు ఉద్యోగం మాట మరిచిపోవడమే. నాకేమో రైల్వేలో చేరాలని ఆశ. మార్కులు లేకపోయినా ఆశకి లోటు లేదు. ఆ వేళ మొదటిసారి నిజంగా భయపడ్డాను.

మామ్మగారు పేర్లు రాయనివ్వలేదు. ఆ సాయంత్రం తోటల ఆసాములందరినీ తన అరుగు మీద కూర్చోబెట్టారు. వీళ్లకి ఒంటినిండా బలం ఉంది, చేతినిండా పని లేదు, అదీ అసలు తెగులు అన్నారు. బడిలో డ్రిల్లు మేష్టారు వాలీబాల్ నేర్పుతానంటున్నారు గాని బంతీ నెట్టూ కొనే దిక్కులేదు. నెలన్నరకోసారి కాయలు దింపినప్పుడల్లా దేవుడికని నాలుగు కాయలు పక్కన పెడతాం కదా, వాటి పక్కనే ఆటకని ఇంకో నాలుగు పెడదాం అన్నారు. ఆసాములు గోలపెట్టారు. దొంగలని మనమే మేపడమేమిటని ఒకాయన లేచి వెళ్లిపోబోయారు.

"వాళ్లు ఎలాగూ పట్టుకుపోతూనే ఉన్నారు కదండీ. మనమే ఇస్తే మర్యాదగా ఉంటుంది" అన్నారు మామ్మగారు.

మర్యాద అనేసరికి ఎవరూ కాదనలేకపోయారు. మా కోనసీమలో మనిషిని ఓడించాలంటే అంతకంటే పదునైన ఆయుధం లేదు. అలా మా ఊళ్లో దేవుడి కాయల పక్కన ఆటకాయలు వెలిశాయి. షరతు ఒక్కటే. ఊళ్లో ఒక్క కాయ పోయినా ఆట బందు, ఆరుగురి పేర్లూ స్టేషనుకి.

బంతి కొన్నాక నెట్టుకి కాయలు చాలలేదు. చేపలు పట్టేవాళ్లని బతిమాలి అల్లించుకున్నాం. కన్నాలు ఎంత సన్నమంటే అవతలివాడి మొహం కనపడేది కాదు. మామ్మగారు రోజూ వచ్చి కూర్చునేవారు. చేతికొచ్చినదాన్ని పట్టుకోకుండా అవతలికి తోసేస్తారేమిటని ఆవిడకి చివరిదాకా అనుమానమే. డ్రిల్లు మేష్టారు మమ్మల్ని దీపాలవేళదాకా ఉతికి ఆరేసేవారు. ఇంటికెళ్లి తిన్నది తిన్నట్టు పడుకోవడమే. నిజం చెప్పాలంటే అంత సుఖమైన నిద్ర మళ్లీ నా జన్మలో ఎరగను.

మరుసటి ఏడు రాజోలు వైపు ఓ ఊళ్లో పోటీలకి పేర్లిచ్చాం. సరిగ్గా వారం ముందు బంతి బ్లాడరు పగిలింది. కాయల దింపుకి ఇంకా రెండు వారాలుంది. అప్పుడు నా బుర్రకి ఓ తెలివి తట్టింది. ఎలాగూ మాకు రావలసిన కాయలే కదా, కాస్త ముందు దించుకుంటే తప్పేమిటి? ఒట్టు, దాన్ని దొంగతనమని నేను అనుకోనేలేదు. మధ్యాహ్నం ఒక్కణ్ణే మామ్మగారి తోటలోకెళ్లి, బాగా బరువుగా వేలాడుతున్న రెండు గెలలు దించి, కొట్టుకి వేసి, అమలాపురం వెళ్లి బ్లాడరు కొన్నాను. మామ్మగారే ఇచ్చారని మిగతావాళ్లతో చెప్పాను.

అది తల్లిచెట్టని నాకు తెలియదు. తోటంతటికీ మేలైన చెట్టు. దాని కాయల్ని దింపులో ఎవరూ ముట్టుకోరు. చెట్టు మీదే ముదరనిచ్చి, తాడు కట్టి పదిలంగా దించి, మొక్కలకి విత్తనం వేస్తారు. కాయలు దొంగిలించడం వచ్చి, తోట పెంచడం రానివాడు చేసే తప్పు అది.

మర్నాడు సాయంత్రం ఆటస్థలానికి మామ్మగారితో పాటు హెడ్డుగారూ వచ్చారు. నావాళ్లు ఐదుగురూ మాకేం తెలియదని ఒట్లేశారు. వాళ్ల మాట ఆయన నమ్మలేదు. పుస్తకం తీసి, కలం మూత విప్పి, మొదటి పేరు చెప్పమన్నారు. మామ్మగారు మావైపు చూడకుండా ఎవరు దించేరని ఒక్కసారే అడిగారు.

డ్రిల్లు మేష్టారు మాకో పాడు అలవాటు చేశారు. బంతి మన వేలికి తగిలి బయటపడితే, అంపైరు చూడకపోయినా చెయ్యెత్తి చెప్పాలి. పాయింటు పోతుంది, పోనీ అనేవారు. ఏడాదిపాటు ఆ నియమాన్ని తిట్టుకుంటూనే చేతులెత్తాను. ఆ సాయంత్రం నేను ఆలోచించుకునేలోపే నా చెయ్యి పైకి లేచింది.

"నేనేనండీ మామ్మగారూ. మనకొచ్చే కాయలే కదా అని ముందు దించేసేను. వీళ్లకేం తెలీదండీ."

హెడ్డుగారు నా పేరు అడిగారు. రైల్వే, మా నాన్న మొహం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. మామ్మగారు ఆయన పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇన్నేళ్లుగా ఊళ్లో కాయలు పోతున్నాయి కదండీ. నేనే అని చెయ్యెత్తినవాణ్ణి మీరెప్పుడైనా చూసేరా?"

"లేదండీ" అన్నారాయన.

"మరైతే ఆటకాయలు దండగపోలేదన్నమాటే కదండీ. పుస్తకం మూసెయ్యండి."

శిక్ష మాత్రం తప్పలేదు. మామ్మగారు నన్ను వెంటనే అంబాజీపేట తోలారు. అప్పటికే చాలా కాయలు ఒలిచేశారు, ఒలిచిన కాయ మొలకెత్తదు. పీచుతో మిగిలిన నాలుగూ కొట్టువాడి కాళ్లావేళ్లా పడి తెచ్చి, ఆవిడ చూస్తుండగా మడిలో పాతాను. రెండు దింపులపాటు ఆటకాయలు బందు. పోటీల్లో మొదటి ఆటలోనే ఓడిపోయాం గాని, వాళ్లు పెట్టిన పనసపొట్టు కూర మాత్రం ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత పదో తరగతి గట్టెక్కాను. ఎనభైల్లో నిజంగానే రైల్వే ఉద్యోగం వచ్చింది. నా నడవడి గురించి వాకబు చెయ్యడానికి కొత్త కానిస్టేబులొకడు ఊళ్లోకొచ్చి, పెద్దల సంతకం కావాలన్నాడు. మామ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఇతడు ఎన్నడూ ఏ దొంగతనమూ చేసి ఎరుగడు అని కాగితం మీద రాసి ఉంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు. తలెత్తి నాకేసి చూశారు. ఆ తర్వాత గుండ్రని అక్షరాలతో, తొందరలేకుండా, సంతకం పెట్టారు.

కానిస్టేబులు సైకిలెక్కి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అన్నారు:

"ఈ వయసులో నీ కోసం ఒక అబద్ధం మీద సంతకం పెట్టేను నాయనా. ఇక నుంచైనా అది నిజమయ్యేలా చూసుకో."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను.