ఖాళీ డబ్బా మీద అంటించిన చీటీ

తొంభైలలో కల్వకుర్తిలో మా అన్న ట్యూబ్‌లైట్లకు ఎలక్ట్రానిక్ చోకులు తయారు చేసి అమ్మేవాడు. ఓల్టేజీ పడిపోయినా లైటు వెలిగేది కాబట్టి వాటికి మంచి గిరాకీ. ఒక రోజు పొద్దున బాపు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. నేనూ అన్నా ఆయనను దగ్గర్లో ఉన్న ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరు బాపు ఛాతీకి వైర్లు పెట్టి గుండె మిషన్ నడిపాడు. కాగితం మీద గీత ముళ్లకంపలా వచ్చింది. పైప్రాణాలు పైనే పోయాయి నాకు.

"ఏమైంది సార్ మా బాపుకు?"

"ఏం తెలుస్తలేదమ్మా. ఈ మిషన్ మల్ల మొదలువెట్టింది," అని డాక్టరు విసుక్కున్నాడు. అంతలో ఏం తోచిందో, తలెత్తి ట్యూబ్‌లైటు వైపు చూసి స్విచ్ ఆపేశాడు. మళ్లీ నడిపితే గీత శుభ్రంగా వచ్చింది.

"గుండె మంచిగనే ఉంది. గ్యాస్ పట్టింది, గంతే."

నేను అక్కడే నిలబడి భోరున ఏడ్చేశాను.

"కొత్త చోకు పెట్టించినప్పటి సంది గిట్లనే చేస్తాంది," అన్నాడు డాక్టరు. స్టూలెక్కి చూద్దును గదా, మా చోకే! దాని మీద మా చీటీ: 'పరీక్షించబడినది. ఇతర యంత్రాలకు అంతరాయం కలిగించదు.'

"ఎవరు పరీక్షించిండ్రన్నా?"

"ఎవరొస్తరు చెల్లె? చేసినోడే రాసుకుంటడు. అందరు గట్లనే రాస్తరు."

"కనీసం నువ్వన్న చూసినవా?"

"లైటు వెలిగింది గద!"

ఓరి దేవుడా! అప్పుడు వెలిగింది నాకు. మా ఇంట్లో చీటీలు ముందే అంటిస్తారు. లోపల సామాను బిగించాక చీటీకి రాసే మైదా జిగురు తడి తగిలితే పాడవుతుందని, వదిన చోకుల ఖాళీ డబ్బాలకే అంటించి డాబా మీద ఎండబెడుతుంది. లోపల ఏమీ లేనినాడే అది పరీక్షలో పాసైపోయిందన్నమాట. సిగ్గూ శరం ఉండాలి మనిషికి! డాక్టరు ముందరే అన్నను కడిగిపారేశాను.

బాపు మాత్రం మా గొడవ వినడం లేదు. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"డాక్టర్ సాబ్, మల్ల మొదలువెట్టింది అన్నరు. ఇంతకుముందు ఎవలకు గిట్లయింది?"

డాక్టరు మొహం పాలిపోయింది. "నిన్న ఒకాయన వచ్చిండు. గిదే నొప్పి. గీత గిట్లనే వస్తే మిషన్ ఖరాబైందనుకొని, గ్యాస్ గోలీలిచ్చి ఇంటికి పంపిన."

"ఇల్లెక్కడ?"

సంత దగ్గరి గల్లీ అట. వద్దన్నా వినకుండా బాపు చొక్కా వేసుకున్నాడు. ఆ మనిషిని వెంటనే తీసుకొచ్చేద్దామని ముగ్గురం ఆటో ఎక్కాం. దారి పొడుగునా నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఆటో గల్లీలోకి తిరగగానే ఏడుపులు వినిపించాయి. ఒక ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. అన్న డ్రైవరు భుజం పట్టుకున్నాడు.

"వాపస్ తిప్పు అన్నా, వాపస్ తిప్పు!"

బాపు అన్న చెయ్యి తీసేశాడు.

"తిప్పకు. అటే పోనీ. వీడు దిగి ఆ చీటీ సంగతి చెప్పాలె."